పాత పేస్టు

ఒక పొద్దున ఎనిమిది కొట్టేలోపు ముప్పై ఏడు కార్లు ఆగిపోయాయి. వంతెన మీద మూడు, ఆసుపత్రి మలుపులో రెండు, బడి గేటుకి అడ్డంగా ఒకటి, మిగతావి టాక్సీ స్టాండు చుట్టుపక్కల ఎక్కడివక్కడ దగ్గి, తుమ్మి, చల్లబడ్డాయి. అన్నీ ఆ పొద్దున ఒకే బంకులో పెట్రోలు పోయించుకున్న బళ్లు. తొమ్మిదయ్యేసరికి వాటి తాలూకు మనుషులంతా ఆ బంకు ముందు చేరి నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టారు. తిట్టరూ మరి, ఒకడి బండిలో కాన్పుకి వెళ్తున్న మనిషి కూడా ఉందాయె.

బంకు యజమానిని ఊళ్లో చిన్నా పెద్దా బంకు బాబాయి అనేవారు. ఈ కథలో ముఖ్యమైన మనిషికి మాత్రం ఆయన ఉత్త పిలుపుకి కాదు, నిజంగానే బాబాయి. ఆమె తండ్రికి స్వయానా తమ్ముడు. ఆమె అదే బంకులో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. రోజూ ఆరింటికి నేలలో పాతిన ట్యాంకు మూత తీసి, పొడుగాటి ఇత్తడి రాడ్డు అడుగుదాకా దించి, పెట్రోలు ఎంతుందో, కింద నీళ్లేమైనా చేరాయో చూడడం ఆమె పని. దాన్ని డిప్పు చూడడం అంటారు. అందుకే డ్రైవర్లు ఆమెకి డిప్పక్క అని పేరు పెట్టారు.

రాడ్డు చివర జానెడు మేర గోధుమరంగు పేస్టు పూసి దించుతారు. అడుగున నీళ్లుంటే పేస్టు ఎర్రబడుతుంది. ఆ పొద్దున కూడా ఆమె పేస్టు పూసింది, రాడ్డు దించింది, లెక్కపెట్టినట్టు ముప్పై సెకన్లు ఆగింది, తీసి చూసింది. పేస్టు ఎర్రబడలేదు. నీళ్లు లేవని పుస్తకంలో రాసి సంతకం పెట్టింది. అంతే జరిగింది. దేవుడి మీద ఒట్టు వేసి చెప్పమన్నా ఇదే చెబుతుంది.

కానీ అడుగున నీళ్లున్నాయి. ముందురోజంతా కుండపోతగా కురిసిన వాన, ట్యాంకు మూత కింద చిట్లిపోయిన రబ్బరు వాషరు సందులోంచి లోపలికి దిగింది. అడుగు నుంచి పంపు పెట్టి తోడితే బకెట్టులోకి మబ్బుగా, పెట్రోలూ కాని నీళ్లూ కాని ఏదో పడింది. అది చూసి గుంపులోంచి ఒకడు, "చెప్పలేదూ, ఇదంతా ఆ స్పిరిటు పెట్రోలు మహిమ," అన్నాడు. ఇథనాల్ కలిపిన పెట్రోలుకి స్టాండులో వాళ్లు పెట్టుకున్న పేరది. అది వచ్చిన మూడేళ్ల నుంచీ అది కార్లకి మంచిదా చెడ్డదా అని టీ కొట్టు దగ్గర తగువులే తగువులు. ఇప్పుడు సాక్ష్యం దొరికినట్టయింది. నాలుగు గొంతులు ఒకేసారి అందుకున్నాయి.

బంకు బాబాయి మొహంలో నెత్తుటి చుక్క లేదు. తప్పు పెట్రోలుదని ఊరు అనుకుందంటే రేపట్నుంచి ఆ గేటులోకి బండి రాదు. అంచేత ఆయనకి అర్జెంటుగా ఒక మనిషి కావలసి వచ్చింది. పక్కనే నిలబడి ఉంది కదా, అన్న కూతురు.

"బాబూ, పెట్రోలుని అనకండి," అన్నాడాయన, రెండు చేతులూ ఎత్తి, ఇంటి పెద్దలాగా గొంతు బరువు చేసుకుని. "పెట్రోల్లో ఏ లోపమూ లేదు. ఇన్ని నీళ్లుంటే రాడ్డు మీద కనబడకుండా ఎలా ఉంటుంది? మా అమ్మాయి ఇవాళ రాడ్డు దించకుండానే దించానని రాసేసింది. సొంత మనిషి కదా అని కడుపులో పెట్టుకోలేను. ఇవాళ్టి నుంచి దాన్ని పన్లోంచి తీసేస్తున్నాను."

అరిచి చెప్పి ఉంటే ఆమెకి ఇంత మండేది కాదు. బాధపడుతున్నట్టు చెప్పాడు. ఆమెకి తలకాయ కొట్టేసినట్టయింది. "దించాను బాబాయీ," అంది. ఎవరి మొహమూ మారలేదు. ఎవడో కిసుక్కున నవ్వాడు. అప్పుడు గుంపు వెనకనుంచి ఒక మనిషి ముందుకు వచ్చాడు. ఆయన బండీ ఆగిపోయింది, దాన్ని వంతెన మీద వదిలేసి నడిచి వచ్చాడు. ఆమె మొగుడు, స్టాండులో టాక్సీ డ్రైవరు.

"నిజం చెప్పు," అన్నాడు అందరి ముందూ. "దించావా, లేదా?"

ఆమె మళ్లీ "దించాను" అంది. ఆయన తల దించుకుని బూట్లకేసి చూసుకున్నాడు.

డిప్పక్కకి పొలాలూ ఇళ్లూ లేవు, చదువూ అంతంత మాత్రం. ఉన్నదల్లా ఒకటే. ఆమె చెప్పిందంటే అంతే, మళ్లీ చూసుకోనక్కర్లేదు అని స్టాండులో పేరు. పంతొమ్మిదేళ్ల మీద సంపాదించిన ఆ పేరు పది నిమిషాల్లో బజారున పడింది. పడేసింది ఒకడు, తొక్కింది ఒకడు, ఇద్దరూ అయినవాళ్లే.

ఇంటికొచ్చాక మొగుడు నసిగాడు. "అది కాదే, అందరూ అడుగుతుంటే నేను అడక్కపోతే బావుండదని..." ఆమె కంచం పెట్టింది, నీళ్లు పెట్టింది, తను అవతలి గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. కడుపు మండుతుంటే ఏడుపెక్కడొస్తుంది. వీళ్లందరి నోటా 'దించింది' అనిపించాలి. అనిపించేదాకా బాబాయిని సుఖంగా కూర్చోనివ్వకూడదు. అంతే అనుకుంది.

వారం తిరక్కముందే దారి దానంతటదే దొరికింది. స్టాండు పక్కన టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఉంటే ఒక కుర్ర డ్రైవరు, "అక్కా, నీకూ బంకుకీ చెల్లిపోయింది కదా, ఇప్పుడైనా నిజం చెప్పు. ఆ స్పిరిటు పెట్రోలు మంచిదేనా?" అని అడిగాడు.

ఈ ప్రశ్నకి మూడేళ్లుగా ఆమె దగ్గర ఒకటే జవాబు. దానికోసమే తయారైన కొత్త బండి అయితే నిశ్చింతగా పోయించుకో. మైలేజీ కొంచెం తగ్గుతుంది, అది ఒప్పుకోవలసిందే. పాత బండి అయితే రబ్బరు గొట్టాలు ఒకసారి మార్పించుకో. నెలల తరబడి కదలని బండిలో నిండా పోసి వదిలెయ్యకు. నీళ్లు మాత్రం తగలనివ్వకు, అంతకు మించి భయపడనక్కర్లేదు. మొగుడి బండికి కూడా మూడేళ్లూ తన చేత్తో అదే పోసింది. నీళ్లు తగిలిన ఆ పొద్దున తప్ప ఒక్క రోజు దగ్గు రాలేదు.

ఆ రోజు ఆ జవాబు నోటిదాకా వచ్చి ఆగింది. గ్లాసు కింద పెట్టింది. "మంచిదా?" అంది నెమ్మదిగా. "పంతొమ్మిదేళ్లు దాని వాసన పీల్చినదాన్ని, చెబుతున్నాను విను. అది ఇంజన్ని బయటికి తెలియకుండా లోపల్లోపలే తినేస్తుంది. ఇవాళ బాగానే ఉంటుంది. ఏడాది తిరిగాక విప్పి చూసుకో, ఏం మిగులుతుందో."

కుర్రాడి మొహం పాలిపోయింది. అబద్ధం చెప్పడం ఇంత తేలికని ఆమెకి అప్పటిదాకా తెలియదు. చిత్రం ఏమిటంటే, రాడ్డు దించానంటే ఒక్కడూ నమ్మలేదు కదా, దీన్ని మాత్రం బల్ల చుట్టూ ఉన్న ఏడుగురూ నమ్మేశారు. ఆ నమ్మడం చూసి ఆమెకి ఇంకా ఒళ్లు మండింది.

ఇక చూడండి. ఆమె ఒకటి చెబితే స్టాండు దానికి పది కలిపేది. పొద్దున్నే బండి స్టార్టు కావడం లేదు, తాగి పడుకున్న మనిషిలా మధ్యాహ్నానికి గాని లేవడం లేదని ఒకడు. మలుపుల్లో తూలుతోందని ఇంకొకడు. మైలేజీ సగానికి పడిపోయిందని మూడోవాడు. వాడు బ్రేకు మీద కాలు తియ్యకుండా నడిపే రకం, అది వేరే సంగతి. వంతెన అవతలి బంకువాడు సందు చూసుకుని 'కల్తీ లేని అసలు పెట్రోలు' అని పెద్ద బోర్డు కట్టాడు. రెండు బంకులకీ వచ్చేది ఒకే డిపో నుంచి, ఒకే ట్యాంకరు. ఇక్కడ సగం దింపి, వంతెన దాటి అక్కడ మిగతా సగం దింపుతుంది. ఆ సంగతి డిప్పక్కకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. నోరు విప్పితే ఒట్టు.

రెండు నెలలకి బాబాయి బంకు బోసిపోయింది. ఆమె రోజూ సాయంత్రం కూరల సంచీ పట్టుకుని అవతలి పక్క నుంచి, కావాలనే నెమ్మదిగా నడిచేది. నాలుగు పంపుల్లో మూడు ఖాళీ. బాబాయి కుర్చీలో కూర్చుని ఈగలు తోలుకుంటూ ఉండేవాడు. అది చూస్తే ఆమెకి ప్రాణం లేచొచ్చేది. ఆ సాయంత్రం నాలుగు మెతుకులు ఎక్కువ తినేది కూడా. తప్పా ఒప్పా అంటారా, ఆ మాట ముప్పై ఏడు కార్ల వాళ్ల ముందు నిలబడి ఆమె మొహం మీద నవ్వినవాణ్ణి అడగండి.

ఒకరోజు బాబాయి ఇంటికే వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పి, పిలవకుండానే కూర్చున్నాడు.

"నీకూ నాకూ ఏమిటే ఈ గొడవ. రేపట్నుంచి పన్లోకి వచ్చెయ్. ఆ టీ కొట్టు దగ్గర కూర్చోవడం మానెయ్."

"వస్తాను బాబాయీ. ఆవేళ నేను రాడ్డు దించానని స్టాండుకి వెళ్లి నాలుగు ముక్కలు చెప్పి రా. చాలు."

"జరిగిపోయిందాన్ని తవ్వుకోవడం ఎందుకు..." అన్నాడు.

"అయితే చెప్పులు వేసుకో," అంది ఆమె.

ఈ గొడవలో మొగుడి సంగతి మరిచిపోయానని అనుకోకండి. ఆమె మరిచిపోలేదు. ఆయనకి ఆ బండి అంటే పంచప్రాణాలు. కొత్తది కొనుక్కున్నది జన్మలో అదొక్కటే. పొద్దున్నే లేచి మొహం కడుక్కోవడానికి ముందు దాని అద్దం తుడిచేవాడు. స్పిరిటు పెట్రోలు మాటలు రోజూ వింటూ ఉంటే ఆయనకి గుబులు పట్టుకుంది. ఒక ఆదివారం బోనెట్ ఎత్తి చాలాసేపు లోపలికి చూసి, "మన బండిలో మూడేళ్లుగా అదే కదా పోయించాం. లోపల పాడైపోయి ఉంటుందంటావా?" అని అడిగాడు.

ఆమె బట్టలు ఆరేస్తోంది. చేతిలో తడి చొక్కా. లేదండీ, దానికేమీ కాలేదు, దాని పుస్తకంలోనే రాసి ఉంది అదే పోయించుకోవచ్చని, అని ఒక్క మాట అంటే అయిపోయేది. గుంపు వెనకనుంచి ముందుకొచ్చిన ఆ మనిషి కళ్లముందు మెదిలాడు. "అయ్యే ఉంటుంది," అని చొక్కా దులిపింది.

పదిహేను రోజుల్లో బండి అమ్మేశాడు. బడి పంతులమ్మ కొనుక్కుంది. దాని బదులు ఎవరో వాడి వదిలేసిన డీజిల్ వ్యాను తెచ్చుకున్నాడు. అది ఎక్కడికెళ్లినా ముందు పొగ వస్తుంది, తరవాత అది వస్తుంది. పంతులమ్మ మాత్రం రోజూ తొమ్మిదింటికి అదే కారులో, అదే పెట్రోలుతో, స్టాండు ముందునుంచి ఝామ్మని వెళ్లిపోయేది. ఆయన ఆ టైముకి తల పక్కకి తిప్పుకునేవాడు. బండి వెళ్లిన రోజు ఆమెకి గుండెలో కలుక్కుమంది, అబద్ధం ఎందుకు. అడిగావు కదా అందరి ముందూ, అనుభవించు, అనుకుని కిటికీ రెక్క వేసేసింది.

అయిదో నెలలో ఒక మధ్యాహ్నం ముక్కు మేస్త్రి కబురు పెట్టాడు. స్టాండు వెనక రేకుల షెడ్డులో కార్లు బాగుచేసే ముసలాయన. బోనెట్ ఎత్తకుండానే వాసన చూసి రోగం చెబుతాడని ఆ పేరు. ఆమె వెళ్లేసరికి బల్ల మీద ఒక గాజు సీసా, రెండు ఇనప చువ్వలు, రెండు ట్యూబులు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక ట్యూబు ఆమెకి తెలిసిందే, పంతొమ్మిదేళ్లు పిండిన గోధుమరంగు పేస్టు. రెండోది ఎప్పుడూ చూడలేదు.

"టీ కొట్టు దగ్గర నువ్వు చెప్పేవన్నీ నా చెవిన పడుతూనే ఉన్నాయి," అన్నాడు మేస్త్రి. "ఒక్కటీ నిజం కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. సర్లే, కడుపుమంట. కూర్చో. ఇది చూడు."

సీసాలో సగానికి పెట్రోలు పోశాడు. రెండు మూతల నీళ్లు కలిపి, మూత బిగించి, ఊపి కింద పెట్టాడు. కాసేపటికి అడుగున పొర తేరింది. పోసింది రెండు మూతలే, అడుగున చేరింది మాత్రం అంతకు ఎన్నో రెట్లు.

"నీళ్లు తగిలితే స్పిరిటేమో పెట్రోల్ని వదిలేసి నీళ్లతో పోతుంది. రెండూ కలిసి కిందకి దిగుతాయి. ఆ రోజు బళ్లు తాగింది దీన్నే. ఇప్పుడు నీ పేస్టు."

ఒక చువ్వకి పాత పేస్టు పూసి సీసాలోకి దించాడు. ముప్పై సెకన్లు ఆగి తీశాడు. గోధుమరంగు గోధుమరంగులాగే ఉంది. రెండో చువ్వకి కొత్త పేస్టు పూసి దించి తీశాడు. పొర ఉన్నంత మేరా ఎర్రగా, గీత గీసినట్టు.

ఆమె ఆ రెండు చువ్వలూ చేతుల్లోకి తీసుకుంది.

"ఉత్త నీళ్లయితే నీ పాత పేస్టు పట్టేస్తుంది," అన్నాడు మేస్త్రి. "స్పిరిటుతో కలిసిన నీళ్లు దానికి అందవు. నువ్వు దించావు తల్లీ. నీ రాడ్డుకే కళ్లు లేవు. ఈ కొత్త ట్యూబు వంతెన అవతలి బంకులోది. స్పిరిటు పెట్రోలు వచ్చినప్పుడే డిపో వాళ్లు ప్రతి బంకుకీ ఒక పెట్టె ఇచ్చారట. కాగితం కూడా ఇచ్చారట, పాతది వాడొద్దని."

"మాకు రాలేదే," అనబోయి ఆగిపోయింది. రాకేం. బాబాయి సంగతి ఆమెకి తెలియనిదా. పాత సబ్బు ముక్కని కొత్త సబ్బుకి అంటించి అరగదీసే మనిషి. పాత చీపురు పిడికెడు మిగిలేదాకా కొత్తది విప్పనివ్వడు. పాత పేస్టు డజన్ల కొద్దీ కొని పెట్టుకున్నాడు. అవి అవకుండా కొత్త పెట్టె తీస్తాడా? ఆఫీసు గదిలో, బీరువా మీదే ఉండి ఉంటుంది.

"రేపే స్టాండులో పెడతాను పంచాయితీ," అంది లేచి.

"ఆగు," అన్నాడు మేస్త్రి. "ఇది చూపించావంటే పెట్రోలుది తప్పు కాదని కూడా చూపించినట్టే. అయిదు నెలలుగా నువ్వు చెప్పిందంతా ఏమవుతుంది? ఆ ఒక్క మాట నిజమని నిలబెట్టుకోవాలంటే, మిగతా మాటలన్నీ అబద్ధాలని నీ నోటితోనే ఒప్పుకోవాలి. నీ బాబాయికి కూడా తెలివుంది, ఆ ముక్క పట్టుకుంటాడు. పోనీ ఆయన్నొక్కణ్ణీ పక్కకి పిలిచి చూపించు. దిగొస్తాడు."

"పక్కకి పిలిచి అన్నాడా ఆ రోజు నన్ను?" అంది ఆమె. "పోతే పోనీ మేస్త్రీ. ఆ మొహం అందరి ముందూ మాడిపోవడం నేను చూడాలి."

మర్నాడు పదింటికి స్టాండు కిటకిటలాడింది. బండి ఆగిపోయిన వాళ్లందరికీ మేస్త్రి చేతే కబురు పెట్టించింది. ఏదో జరుగుతోందని తెలిసి బాబాయి కూడా వచ్చాడు. ఆమె టీ కొట్టు బల్ల మీద సీసా పెట్టింది. ఎవరో తెచ్చిన పెట్రోలు, ఎవరో తెచ్చిన నీళ్లు, తన చెయ్యి వాటి మీద పడనివ్వలేదు. డ్రైవర్ల చేతే కలిపించింది, వాళ్ల చేతే చువ్వలు దింపించింది. మొదటి చువ్వ గోధుమరంగుగానే బయటికొచ్చింది. రెండోది ఎర్రగా వచ్చింది. జనం ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూశారు.

"ఆ రోజు నేను దించింది మొదటిది," అంది. "రెండోది మా బాబాయి దగ్గర మూడేళ్లుగా ఉంది."

"నా దగ్గర లేదు," అన్నాడు బాబాయి. "నాకెవరూ ఇవ్వలేదు. దీని మాటలు..."

"ఏమండీ," అంది ఆమె మొగుడితో, ఆ అయిదు నెలల్లో ఆయన్ని అందరి ముందూ పిలవడం అదే మొదటిసారి. "మీరే వెళ్లండి. ఆఫీసు గదిలో బీరువా మీద చూడండి."

ఆయన ఇద్దరు డ్రైవర్లని తీసుకుని వెళ్లాడు. పావుగంటలో తిరిగొచ్చాడు. చేతిలో దుమ్ము పట్టిన అట్టపెట్టె ఉంది. పెట్టె సీలు చింపి ఉంది. లోపల పన్నెండు ట్యూబులు. పదకొండు మూత తియ్యనివి. పన్నెండోది మాత్రం ఒక్కసారి పిండి, మళ్లీ మూత బిగించి, అన్నిటికంటే కింద దాచిపెట్టి ఉంది. ఒక్క రాడ్డుకి సరిపడా పిండారు.

అది చూసేదాకా డిప్పక్కకి కూడా ఆ సంగతి తెలియదు. బాబాయి పిసినారితనం వల్ల జరిగిందనే అనుకుంది ఇప్పటిదాకా. ఆ ట్యూబు పట్టుకుని ఆయన దగ్గరికి నడిచింది.

"ఎప్పుడు పిండావు బాబాయీ ఇది?"

ఆయన కండువా అంచు సర్దుకున్నాడు.

"అదే రోజు కదూ. నన్ను పంపేశాక, ట్యాంకులో మిగిలినదాంట్లో దించి చూశావు. ఎర్రబడింది. నేను దించానని నీకు ఆ సాయంత్రానికే తెలుసు. అయిదు నెలలు తెలుసు. మా ఇంటికొచ్చి కూర్చున్నప్పుడూ తెలుసు."

"పాతవి ఇంకా రెండు డజన్లు ఉన్నాయే," అన్నాడు బాబాయి. "అవి అయ్యాక తీద్దామనుకున్నాను. తరవాత... తరవాత ఎలా చెప్పను?"

"ఇప్పుడు చెప్పు. అందరికీ వినపడేలా చెప్పు."

"దించింది," అన్నాడు. "మా అమ్మాయి రాడ్డు దించింది."

"వెనకవాళ్లకి వినపడలేదు."

"దించింది బాబూ, దించింది," అన్నాడు బాబాయి, కండువాతో మొహం తుడుచుకుంటూ. ముసలాడు అక్కడికక్కడే ఇంకో పదేళ్లు ముసలాడైపోయాడు. ఆమెకి జాలి వెయ్యలేదు. వొట్టి ఆనందం. ఇన్నాళ్ల మంట మీద ఎవరో కుండతో నీళ్లు కుమ్మరించినట్టు ఒళ్లంతా చల్లబడింది. ఆవేళ నవ్వినవాడు ఎక్కడున్నాడో వెతికి మరీ వాడి కళ్లలోకి చూసింది. వాడు తల వంచుకున్నాడు.

అక్కడితో అయిపోతే ఎంత బావుండు. కానీ ఆ కుర్ర డ్రైవరు, మొదటిరోజు అడిగినవాడే, సీసాకేసి చూస్తూ, "అయితే అక్కా," అన్నాడు, "తప్పు పేస్టుది, ట్యాంకులోకి దిగిన నీళ్లది. మరి పెట్రోలు? ఇంజన్ని తినేస్తుందన్నావు?"

మేస్త్రి నేలకేసి చూస్తున్నాడు. బాబాయి కండువా దించి తలెత్తాడు. అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. సీసా అందరి ముందూ ఉంది. పైన తేటగా పెట్రోలు.

"తినదు," అంది. "మైలేజీ కాస్త తగ్గుతుంది. మీ పాత బళ్లకి రబ్బరు గొట్టాలు మార్చుకోవాలి. అంతే. మిగతాదంతా నేను కల్పించి చెప్పాను. మా బాబాయి మీద కసితో చెప్పాను. అవతలి బంకులో పోసేదీ ఇదే పెట్రోలు."

గుంపులో గుసగుసలు మొదలయ్యాయి. అయిదు నెలలు వంతెన దాటి వెళ్లి అదే పెట్రోలు పోయించుకున్నామా, అని ఎవరో అన్నారు. ఆ మాటలేవీ ఆమె వినడం లేదు. అట్టపెట్టె ఇంకా చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డ మనిషికేసి చూస్తోంది.

"నా బండి?" అన్నాడాయన.

"మీ బండికి ఏమీ కాలేదు."

"అమ్ముతున్నప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు," అంది. ఇంకో మాట కూడా అనాలని ఎన్నాళ్లుగానో దాచుకుంది. అనేసింది. "నిజం చెప్పిన రోజు నమ్మలేదు మీరు. అబద్ధం చెప్పిన అయిదు నెలలూ నమ్మారు."

ఆయన పెట్టె బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

స్టాండు వాళ్లు ఆ సాయంత్రమే బాబాయితో కూర్చుని తేల్చేశారు. డిప్పక్కని మళ్లీ పన్లో పెట్టుకోవాలి. కొత్త పేస్టే వాడాలి. ఇంకొకటి. రోజూ ఆరింటికి ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా వచ్చి, రాడ్డు దించేటప్పుడు పక్కన నిలబడి చూస్తారు. "నీ మీద కోపం కాదక్కా," అన్నాడు కుర్రాడు, "ఇక ఎవరి మాటా వద్దు, మా కళ్లతో మేం చూసుకుంటాం." ఆమె సరేనంది. ఏమంటుంది మరి.

వారం తరవాత ఒక పొద్దున మొగుడూ పెళ్లాం కలిసి బయల్దేరారు, ఆమె బంకుకి, ఆయన స్టాండుకి. ఆ వారంలో ఆయన గట్టిగా ఒక్క మాట అనలేదు. ఉప్పు అడిగాడు, తువ్వాలు అడిగాడు. ఆ రోజు గడప దాటి నాలుగడుగులు వేశాక ఆగాడు.

"స్టవ్ కట్టేశావా?"

"కట్టేశాను."

ఆయన ఆమెకేసి చూశాడు. తరవాత వెనక్కి వచ్చి, చెప్పులు విప్పి లోపలికి వెళ్లాడు. వంటింట్లో నాబ్ తిప్పి చూసిన చప్పుడు వినపడింది. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆమెకి కోపం రావలసింది. రాలేదు. తాళంచెవి చేతిలో పట్టుకుని, ఆయన చూసుకుని వచ్చేదాకా గుమ్మం బయట నిలబడింది.